బొట్టు కింద సంత్ర లైటు

మా సెంటర్ల అందరికి తెలిసింది ఒక్కటే. పచ్చ లైటు ఎలిగితె మంచిది, సంత్ర పండు రంగు లైటు ఎలిగితె చెడ్డది. గంతే అయితె ఇగ నేనెందుకు, బడికి పోయే పోరన్ని కూసోబెడితె సరిపాయె! నేను తాండూర్ల ఒక స్కానింగ్ సెంటర్ల సిస్టం రూము చూసుకుంట. ఇల్లు వికారాబాద్ల. పొద్దుగాల రైలెక్కి పోత, పొద్దుగూకే యాళ్లకు మల్ల రైలెక్కి వస్త. నాకు నోరు జాస్తి అని సెంటర్ల పేరున్నది. ఉంటె ఉండనీ. నా నోటికి భయపడే ఆ రూముల ఏసీ ఇయ్యాల్టి దాక నడుస్తున్నది.

రూమంటె రూము గాదు, మెట్ల కిందున్న అర్ర. అండ్ల ఒక ఇనుప చట్రం, చట్రంల ఒక నల్లటి డబ్బ. ట్రంకు పెట్టెంత ఉంటది. మా దగ్గర స్కానింగు తీసిన ప్రతి మనిషి మెదడు, ఊపిరితిత్తులు, బొక్కలు, అన్నిటి బొమ్మలు గా డబ్బలనే ఉంటయి. పట్నంల ఏదో పెద్ద దవఖాన పాతదైందని తీసేస్తె మా సార్ తెచ్చిండు. సార్ అంటె మా సెంటర్ ఓనరు. డాక్టరు గూడ ఆయననే, స్కానింగు బొమ్మలు చదివేది ఆయననే. "పాతదైతె ఏంది, ఇనుము లెక్క ఉన్నది" అన్నడు. నిజమే, ఇనుము లెక్కనే ఉన్నది. ఇనుముకు తుప్పు పడ్తదని ఆయనకు ఎవ్వరు చెప్పలేదేమో.

డబ్బకు ముందటి దిక్కు డిస్కులు. ఎనుక దిక్కు, ఒకదాని మీద ఒకటి, రెండు కంట్రోలర్లు. ఏ బొమ్మ ఏడ పెట్టాలె, అడిగితె ఏడికెల్లి తియ్యాలె, గా పెత్తనమంత గీ రెండింటిదే. జోడెడ్ల లెక్క. ఒక్కటి పండుకున్నా ఇంకోటి బండి గుంజుతది. అమ్మేటోళ్లు గీ మాట మస్తు గొప్పగ చెప్తరు. నాకైతె గదే భయం. ఒక్క ఎద్దు పండుకున్నదని బండ్ల కూసున్నోనికి ఎట్ల తెల్వాలె? బండి పోతనే ఉండె గద!

గది తెలిసేటందుకే లైట్లు. మొదటి పచ్చది ఎలిగితె ప్రాణం ఉన్నదని. దాని పక్కన ఇంకో పచ్చది ఉంటది. అది టుకుటుకు కొట్టుకుంటె, నోట్ల ముద్ద ఉన్నది, ఇంక మింగలే అని. అంటె బొమ్మ కంట్రోలర్ చేతికి వచ్చింది గని డిస్కు మీదికి ఎక్కలే. అప్పుడు దాన్ని ముట్టొద్దు, ముడితె ముద్ద కింద పడ్డట్టే. నీలం లైటు ఎలిగితె, నన్ను బయటికి గుంజొచ్చు అని. ఇగ సంత్ర లైటు. అది ఎలిగితె నా పని ఖతం, ఎవరన్న వచ్చి చూడుండ్రి అని. మంచిగున్న దినాలల్ల అది ఎలగదు. శనగ గింజంత గుండ్రటి గుంట కనవడ్తది, గంతే.

ఇంకో ముచ్చట. రూము ఇరుకు. వైర్లు అందెటట్టు డబ్బను ఉల్టా తిప్పి పెట్టిండ్రు. ముఖం గోడ దిక్కు, వీపు తలుపు దిక్కు. తలుపు తీస్తె మనకు ముందుగాల కనవడేది గా రెండు కంట్రోలర్లు, వాటి లైట్లే. నాకైతె మంచిగనే అనిపించింది. రాంగనే లైట్లు చూసి, పోయేముందు లైట్లు చూసి తాళం ఏసుకునేదాన్ని.

పెద్దమ్మ గురించి చెప్పాలె. ఆమె మా సెంటర్ల ఊడ్సుడు, తుడుసుడు పని చేస్తది. ధారూర్ల రైలెక్కుతది. నేను వికారాబాద్ల ఎక్కి ఆమెకు కిటికి కాడ జాగ పట్టి ఉంచుత. నాకు చుట్టం గాదు. కోట్‌పల్లి కాడ మా తాత పొలంల వాళ్లమ్మ కలుపుకు వచ్చేదట, గా ఎరుక. వాళ్లది తాతల కాలం సంది కిరస్తానీ ఇల్లు. నన్ను బిడ్డా అంటది, నేను పెద్దమ్మా అంట. మొదాలు తాండూర్లనే నాపరాళ్ల పాలిష్ కాడ చేసింది. ఆ తెల్ల దుమ్ము పడక మానేసి మా దగ్గర చేరింది. సెంటర్ల ఎవ్వరు నా మాటకు ఎదురు చెప్పరు. ఆమె చెప్తది. "నోరు మంచిగుంటె ఊరు మంచిగుంటది బిడ్డా, గా కౌంటరు కాడి పోరి మీద గట్ల ఒర్లకు" అంటది. నేను ఆమె మీద గూడ ఒర్లుత. ఆమె నవ్వుతది.

ఒకసారి రైల్ల అడిగింది. "గంత మంది బొమ్మలు గా డబ్బల ఎట్ల పడ్తయి బిడ్డా?"

నాకు తోచినట్టు చెప్పిన. ఎడ్ల ముచ్చట చెప్పిన, లైట్ల ముచ్చట చెప్పిన. చెవి పెట్టి ఇన్నది.

"మరి నా బొమ్మ గూడ ఉన్నదా అండ్ల?"

"ఉండదా? కొన్నేండ్ల కింద నీకు నిమ్ము చేస్తె తీసిండ్రు గద, గది."

"అయ్యో దేవా! నేను దినాం తుడిసే డబ్బల నేనే ఉన్ననా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. పక్కన కూసున్న సేడం పోయేటామె ఏందని కన్నడంల అడిగితె, ఆమెకు గూడ సగం సైగలతోని చెప్పింది. ఆనాటి సంది పొద్దుగూకంగ నేను రూము తాళం ఏస్తుంటె, "పచ్చనేనా బిడ్డా?" అని అడుగుడు, "పచ్చనే పెద్దమ్మా" అని నేను చెప్పుడు. గది మాకు ఆటైంది.

దసరాకు మా సెంటర్ల ఆయుధపూజ జోరుగ చేస్తరు. సార్ వాళ్లమ్మ వస్తది. పెద్ద మనిషి, పట్టుచీర కట్టుకొని, పళ్లెం పట్టుకొని. స్కానింగు మిషనుకు బొట్టు, ఎక్స్‌రే మిషనుకు బొట్టు, జనరేటరుకు, ప్రింటరుకు, ఆఖరికి నీళ్ల ఫిల్టరుకు గూడ బొట్టు. పోయిన దసరాకు నా రూముకు వచ్చి, "గీ పెద్దదానికి నొసలు ఏడున్నదే?" అని నన్నడిగింది.

"నొసలు గోడ దిక్కున్నదమ్మా, మనకు వీపే దిక్కు" అన్న.

ఆమె కండ్లద్దాలు సదురుకొని చూసింది. కింది కంట్రోలర్ మీద గుండ్రంగ చిన్న గుంట కనవడ్డది. "ఇగో, బొట్టు కోసమే చేసినట్టున్నది" అని, నూనెల కలిపిన కుంకుమ ఉంగరం ఏలుతోని తీసి నిండుగ అద్దింది. పైదానికి పెడ్దామంటె పళ్లెంల కుంకుమ ఒడిసింది. "అన్నదమ్ములే గద, ఒకనికి పెడితె ఇద్దరికి పెట్టినట్టే" అని పైదాని సందుల ఒక బంతిపువ్వు ఇరికిచ్చి, హారతి పట్టి పోయింది. ఆ దినం లైట్లన్ని మంచిగనే ఉండె. పులిహోర తిన్నం, ఇంటికి పోయినం.

బంతిపువ్వు ఎండి రాలింది. బొట్టు రాలలే. నూనెబొట్టు గద, గట్టిపడి అతుక్కపోయింది. మా దిక్కు దసరా బొట్టు ఎవ్వరు తుడువరు. ఆటోలకు చూడుండ్రి, లారీలకు చూడుండ్రి, మల్ల దసరా వచ్చేదాక ఉంటది. అదంతట అది పోవాలె.

చలికాలంల పెద్దమ్మకు దగ్గు పట్టింది. "జాతరల డేరల పండుకున్న బిడ్డా, చలి తగిలింది, గంతే" అన్నది. ధారూర్ల వాళ్ల జాతరంటె వారం దినాలు అడివిలనే డేరలు ఏసుకొని ఉంటరు. నేను నమ్మిన. జాతర అయిపోయింది, చలి పోయింది, దగ్గు పోలే. దగ్గుకుంటనే ఊడుస్తది, దగ్గుకుంటనే తుడుస్తది. పని ఆగలే గనుక ఎవ్వరు పట్టిచ్చుకోలే. ఆఖరికి నేనే ఒర్లి ఒర్లి మిషను మీద పండుకోబెట్టిచ్చిన.

సార్ బొమ్మ చూసుకుంట నన్ను పిలిచిండు. కుడి దిక్కు ఊపిరితిత్తిల ఒక మచ్చ. జొన్న గింజ కంటె జర పెద్దది.

"నిమ్ము చేసినప్పటి పాత బొమ్మ తియ్యి" అన్నడు. "గీ మచ్చ అప్పుడు గూడ గిట్లనే ఉంటె, నిమ్ము మానినంక మిగిలిన గాటు అన్నట్టు. ఏం ఫికర్ లే, ఇంటికి పంపుదం. అప్పుడు లేకుంటె మాత్రం కొత్తది. పట్నం పంపాలె, ఛాతిలకెల్లి సూది పెట్టి ముక్క తియ్యాలె."

"ముక్క తీస్తె ఏమొస్తది సార్?"

"ఏమన్న రావచ్చు" అన్నడు. ఆయన 'ఏమన్న' అన్నడంటె గదేందో మా సెంటర్ల అందరికి ఎరుకనే.

తలుపు కాడ పెద్దమ్మ నిలబడ్డది. సూది అన్న మాట ఇన్నది. వాళ్లక్కకు గట్లనే సూది పెట్టిండ్రట, పెట్టినంక ఆమె మంచం దిగలేదట. రోగం ముదిరి పోయిందో ఏమో, పెద్దమ్మ లెక్కల మాత్రం సూదే చంపింది. "సూది ఒద్దు బిడ్డా" అని నా చెయ్యి పట్టుకున్నది. ఆ చేతులు ఎప్పుడు తడిగనే ఉంటయి, ఆ దినం చల్లగ గూడ ఉండె.

"గప్పటి ఫిల్ము నీకిచ్చిండ్రు గద పెద్దమ్మా, ఏడున్నది?"

"మనుమడు గ్రహణం చూస్తనని పట్టుకపోయిండు. ఊరు ఊరంత నా ఊపిరితిత్తులలకెల్లే సూర్యున్ని చూసిండ్రు." అంత భయంల గూడ గా మాటన్నది. "డబ్బల ఉన్నది గద నా బొమ్మ?"

"ఉన్నది. తీస్త ఆగు" అన్న.

తియ్యబోయిన. రాలే. ఈ ఏడాది బొమ్మలు అడిగితె టక్కున వస్తున్నయి. నిరుడువి వస్తున్నయి. పాతయి మాత్రం, ఎవరివి అడిగినా, తెర మీద చక్రం తిరుగుకుంట కూసుంటది. కొత్త బొమ్మలకు వేరేకాడ నకలు ఉంటది, సార్ తోని కొట్లాడి పెట్టిచ్చుకున్న. పాతవాటికి నకలు లేదు. "పాతయి ఎవరడుగుతరమ్మా" అన్నడు అప్పుడు. ఇగో, అడిగే దినం వచ్చింది. అంగట్ల అన్ని ఉన్నయి, అల్లుని నోట్ల శని.

పట్నంల ఇంజినీరుకు ఫోన్ కొట్టిన. డబ్బ ఏదన్న తకరారు చేస్తె ఆయననే దిక్కు.

"మేడం, డబ్బ ముందట నిలబడి లైట్లు చెప్పుండ్రి."

ఫోన్ చెవికి పెట్టుకొని రూముల నిలబడ్డ. పెద్దమ్మ గూడ తుడిసే బట్ట పట్టుకొని నా ఎనుకనే వచ్చింది. నేను పొమ్మనలే.

"పైదానికి పచ్చ ఉన్నది. రెండో పచ్చది జోరుగ కొట్టుకుంటున్నది. సంత్ర... ఆరెంజి లేదు."

"కిందిది?"

"పచ్చ ఉన్నది. రెండో పచ్చది ఆరిపోయి ఉన్నది. ఆరెంజి లేదు."

"పక్కానా?"

"పక్కా సార్. ఏం ఎలుగుతలేదు."

"అయితె కిందిది మంచిగున్నట్టే. పైదే ఏదో పట్టుకొని ఇడుస్తలేదు. ఏం లేదు మేడం, పైదాన్ని బయటికి గుంజి, మల్ల పెట్టుండ్రి. అదే దారికొస్తది."

తీసి మల్ల పెట్టు! నా పెండ్లి అయిన సంది ఇంటున్న గీ మాట. టీవీ రాకుంటె తీసి మల్ల పెట్టు, ఫోన్ పని చెయ్యకుంటె తీసి మల్ల పెట్టు. నా ఏలు పైదాని కొక్కెం మీద పడ్డది. ఎదురంగ రెండో పచ్చది టుకుటుకు కొట్టుకుంటున్నది. నోట్ల ముద్ద ఉన్నది. అవతల స్కానింగు నడుస్తున్నది, ఎవరిదో తలకాయ బొమ్మ ఇప్పుడే వచ్చి దీని నోట్ల పడ్డది. గీ సమయంల ఎట్ల గుంజాలె? మనసొప్పలే. కోపం వచ్చింది. కోపం ఎవరి మీద చూపాలె? పెద్దమ్మ మీద చూపిన.

"ఏం తుడుస్తున్నవే పెద్దమ్మా దినాం? చూడు, డబ్బ మీద ఎట్లున్నదో, కుంకుమంత గడ్డకట్టి! దినాం తుడుస్తవు గద, గిదెందుకు తుడువలే?"

ఆమె నొచ్చుకున్నది. "చుట్టూత తుడుస్తనే ఉన్న బిడ్డా, దాన్ని తగులకుంట. వేరేటోళ్లు ప్రేమతోని పెట్టుకున్నది. నేనెట్ల తుడుస్త?"

నేను బొట్టు దిక్కు చూసిన. తర్వాత పైదాని దిక్కు చూసిన. పైదాని మీద, సరిగ్గ బొట్టున్న జాగల, శనగ గింజంత గుంట ఉన్నది. లైటు ఎలుగుతలేదని చెప్పిన నేను. లైటు కనవడ్తలేదని చెప్పాలె గద!

"సార్, ఫోన్ పెట్టకుండ్రి" అన్న.

బొట్టు తుడువాలె. చెయ్యి రాలే. మా ఇండ్లల్ల ఆడిది చేతులార బొట్టు తుడుసుడంటె ఏందో తెలుసు గద. మంచిగున్న మొగడు మతిల మెదిలిండు. పెద్దమ్మ నా ముఖం చూసింది, చేతిలున్న తడిబట్ట నా దిక్కు చాపింది. కండ్లు మూసుకొని రుద్దిన. గట్టిగ రుద్దిన. కండ్లు తెరిస్తె, ఎర్రటి మరక నడుమ సంత్ర లైటు. కొట్టుకుంటలేదు, ఆరుతలేదు, నిలకడగ ఎలుగుతున్నది. ఎన్ని దినాల సంది ఎలుగుతున్నదో దానికే ఎరుక.

"కిందిది పోయింది సార్! ఆరెంజి ఎలుగుతున్నది!"

"మేడం, పైదాని మీదికెల్లి చెయ్యి తియ్యుండ్రి!" ఆయన ఒర్రుడు రూమంత ఇనవడ్డది. "రెండింటి పని అదొక్కటే చేస్తున్నది. దాన్ని గుంజి ఉంటె పాతది ఒక్క బొమ్మ మిగలకపోతుండె. ముసలి డబ్బ, రెండు పడితె మల్ల లేవదు."

నేను గోడకు ఒరిగి కింద కూసున్న. కింది కంట్రోలరుకు పాణం ఉన్న లైటు ఎలుగుతనే ఉన్నది గని పని పోయింది. కొత్త బొమ్మల పని పైది అందుకున్నది గని, పాత బొమ్మల దారి మాత్రం కిందిదానిలకెల్లే. ఎవ్వరు పాతయి అడుగలే, గందుకే దారి బందైందని ఎవ్వరికి తెల్వలే. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టయింది మా సంగతి. సార్ దగ్గరికి పోయి మొరిగిన గూడ. "బొట్టు దేవునికి పెట్టుండ్రి సార్, లైటుకు పెట్టకుండ్రి" అన్న. వాళ్లమ్మ మాట గద, ఆయన ముఖం ఇంతైంది.

ఇంజినీరు తెల్లారి వస్త అన్నడు, కంట్రోలర్ దొరికితె. ఆ పొద్దు రైల్ల పెద్దమ్మ ఒక్కటే అడిగింది. "నా బొమ్మ దొరుకుతదా బిడ్డా?" డిస్కుల మీద ఉన్నయి, దారే బందైంది, దొరుకుతది అన్న. "దొరికితె సూది తప్పుతది గద?" అన్నది. మచ్చ పాతదే కావాలె యేసయ్యా, అని ఆమె పెదవులు కదులుతుంటె, నేను గూడ మా ఇంటి దేవున్ని గదే అడిగిన. ఇద్దరు దేవుళ్లకు ఒక్కటే దరఖాస్తు పోయింది ఆ రైల్లకెల్లి.

తెల్లారి ఇంజినీరు వచ్చిండు. ల్యాపుటాపు పెట్టుకొని ఏందేందో కొట్టిండు. కింది కంట్రోలర్ మీద నీలం లైటు ఎలిగింది. "గిప్పుడు గుంజొచ్చు" అని గుంజి, తెచ్చిన దాన్ని ఎక్కిచ్చిండు. మొదాలు అన్ని లైట్లు ఒక్కసారి ఎలిగినయి, సంత్రది గూడ. నా పై పాణం పైనే పోయింది. "గది మామూలే మేడం, లేసేటప్పుడు ఒళ్లు ఇరుచుకుంటది" అన్నడు. జర సేపటికి సంత్రది ఆరింది. పచ్చ నిలబడ్డది. పైదానికి పచ్చ, కిందిదానికి పచ్చ.

తలుపు బయటికెల్లి పెద్దమ్మ అడిగింది. "పచ్చనేనా బిడ్డా?"

"పచ్చనే పెద్దమ్మా! రెండు పచ్చనే!" అని ఒర్రిన సంబరంల. ఆమె చీపురు ఆడనే పెట్టి రెండు చేతులు జోడిచ్చింది.

పాత బొమ్మ వచ్చింది. టక్కున వచ్చింది. సార్ ఒక తెర మీద పాతది, ఇంకో తెర మీద కొత్తది పెట్టిండు. నేను ఆయన కుర్చీ ఎనుక నిలబడ్డ. నాకు చదువరాదు గని ఇన్నేండ్ల సంది చూస్తున్న గద, కొద్దో గొప్పో తెలుస్తది. పాతదాన్ల నిమ్ము చేసిన తావు తెల్లగ మబ్బు లెక్క ఉన్నది, అది కిందికి, ఎడమ దిక్కు. సార్ కుడి దిక్కుకు జరిపిండు. ఒక్కొక్క పొర మెల్లమెల్లగ తిప్పిండు. మచ్చ ఉండాల్సిన జాగకు వచ్చిండు. ఎనుకకు పోయి మల్ల వచ్చిండు. అక్కడ ఏం లేదు. నల్లగ, సాఫుగ ఉన్నది.

సార్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

"కొత్తది" అన్నడు.

గీ ఒక్క మాట కోసమా నేను గంత తండ్లాడింది? బొట్టు తుడిసింది, గోడకు ఒరిగింది, దేవున్ని అడిగింది గీ మాట కోసమా? డబ్బ ఆగమైపోయి ఉంటె, పాతదని అనుకొని ఇంకొన్ని దినాలు బతుకుతుండె గద ఆమె అనిపిచ్చింది. పాడు ఆలోచన. కాని అనిపిచ్చింది, ఏం చెయ్యాలె.

"ఆమెకు ఏం చెప్పకు" అన్నడు సార్. "ఆమె కొడుకుకు నేను చెప్త."

జర సేపటికి ఆ కొడుకే నాకు ఫోన్ చేసిండు. పట్నంల ఆటో నడుపుతడు. "మేడం, మీకు దండం పెడ్త. అమ్మకు చెప్పకుండ్రి. మచ్చ పాతదే అన్నరని చెప్పుండ్రి. సూదంటె భయపడి చస్తది. కఫం పరీక్ష అని చెప్పి నేను తోల్కపోత." నేను సరే అన్న. కొడుకు, వాని తల్లి. నడుమ నేనెవర్ని?

పొద్దుగూకింది. రూము తాళం ఏస్తుంటె ఆమె రాలే. స్టేషన్ కాడికి ముందే పోయింది. నేను పోయేసరికి ప్లాట్‌ఫారం మీద నాపరాయి బెంచి మీద కూసున్నది, రొట్టెల డబ్బ ఒళ్ల పెట్టుకొని. నేను పోయి పక్కన కూసున్న. పాతదే పెద్దమ్మా అని చెప్పేటందుకు తొవ్వ పొడుగున మాటలు కూర్చుకొని వచ్చిన.

ఆమె నా దిక్కు చూడలే. పట్టాల దిక్కు చూసుకుంట అడిగింది.

"పచ్చనా బిడ్డా? సంత్రనా?"

పచ్చనే అన్న మాట నాలుక మీద ఉండె. ఆమె తడిబట్ట నా దిక్కు చాపింది యాదికొచ్చింది. ఎన్ని దినాల సంది ఎలుగుతున్నదో తెల్వకుంట ఎర్రటి మరక కింద నిలకడగ ఉన్న గా లైటు యాదికొచ్చింది. గొంతుల ఉన్నది ఊడిపడ్డట్టు వచ్చింది.

"సంత్ర, పెద్దమ్మా."

ఆమె తల ఊపింది. శానసేపు ఊపింది. రొట్టెల డబ్బ మూత తీసి మల్ల పెట్టింది. "సూది తప్పదన్నట్టు" అన్నది. తప్పదన్న. "నువ్వు వస్తవా?" అన్నది. వస్త అన్న. నాకు ఏడుపు ఆగలే. నోరు జాస్తి దాన్ని, గట్లనే గట్టిగ ఏడ్చిన. ఆమె నా వీపు మీద చెయ్యి ఏసింది, రోగం నాకు వచ్చినట్టు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. కొడుకు. ఆమెకు చెవులు జర మందం, ఫోన్ చప్పుడు గట్టిగ పెట్టుకుంటది, అందుకే వాని మాట నాకు సుత ఇనవడుతున్నది. "అమ్మా, సార్ తోని మాట్లాడిన. ఏం లేదంట, పాతదే అంట. జర కఫం పరీక్ష ఉన్నది, ఐతారం వచ్చి తోల్కొస్త. నువ్వు పరేషాన్ గాకు."

పెద్దమ్మ గొంతు సవరిచ్చుకున్నది. "గట్లనా కొడుకా? పాతదేనా?" అన్నది. ఆ గొంతుల సంబరం ఏడికెల్లి తెచ్చిందో. "దేవునికి స్తోత్రం. నేను పొద్దుగాల్నే అనుకున్న, పాతదే ఉంటదని. నువ్వు మంచిగ అన్నం తిను."

ఫోన్ కొంగుకు తుడిసి రొంటిన పెట్టుకున్నది. నేను నోరు తెరుచుకొని చూస్తున్న.

"ఏందట్ల చూస్తవు బిడ్డా" అన్నది. "వాడు ప్రేమతోని పెట్టుకున్నడు. నేనెట్ల తుడుస్త?"